పలకల నడుమ బెండు

రాయలసీమ పల్లెలలో జొన్నకోతలు ముగిసిన తరువాత పిల్లలు చేసుకొనే బొమ్మబండిని పాఠకులలో చాలామంది చూచియే ఉంటారు. ఎండిన జొన్నదంటును తీసుకొని, దాని పైబెరడును సన్నని పేళ్లుగా చీలుస్తారు. లోపలి తెల్లని బెండును ముక్కలుగా కోస్తారు. బెండు ముక్కలకు పేళ్లను గుచ్చి చక్రాలు, ఇరుసు, కాడి అమరుస్తారు. ఈ ఆటలో పిల్లవాడు పుస్తకం తెరవకుండానే ఒక సంగతిని గ్రహిస్తాడు. బెండును ఒంటిగా వంచితే పుటుక్కున విరుగుతుంది. పేడును ఒంటిగా వంచితే విల్లువలె వంగిపోతుంది. కాని ఆ రెండూ ఒకటిగా ఉన్న దంటు మనిషి ఎత్తుకు మించి పెరిగి, బరువైన కంకిని తలమీద మోస్తూ, గాలివానకు నిలుస్తుంది.

ప్రకృతిలో ఇట్టి ఏర్పాటు ఇంకా అనేక చోట్ల కనిపిస్తుంది. మన కపాలపు ఎముకను అడ్డంగా కోసి చూస్తే, గట్టి పొరలు రెండు, వాటి నడుమ స్పంజివంటి ఎముక పొర ఒకటి ఉంటాయి. పక్షి ఈకలోని కాడకూడ పైన గట్టిగా, లోపల నురుగువలె ఉంటుంది. బరువు తక్కువగా, గట్టిదనం ఎక్కువగా కావలసిన ప్రతిచోట ఈ పద్ధతి ఉన్నది.

ఈనాడు రెండు పలుచని ప్లైవుడ్ పలకల నడుమ తేలికైన నురుగు పదార్థాన్ని అతికి తలుపులు, బల్లలు, చిన్న పడవలు, వాహనాల పైకప్పులు స్వయంగా తయారుచేసుకొనేవారు ఉన్నారు. రెండు రొట్టెముక్కల నడుమ కూర ఉంచినట్లు ఉండుటచేత దీనికి శాండ్‌విచ్ పలక అని పేరు వచ్చినది. నడిమి పదార్థాన్ని ఈ వ్యాసంలో మన మాటతో బెండు అనియే పిలుచుకొందాము. ఏ బెండును ఎన్నుకోవాలి? దానిని దేనితో అతకాలి? ఈ ప్రశ్నలకు జవాబు వెదకిన చరిత్ర నూరేళ్లకు మించినది. అందులో ఒక ముఖ్య ఘట్టం మన దేశంలో, మన చిత్తూరుకు పడమట ఉన్న బెంగుళూరు ప్రాంతంతోకూడ సంబంధపడి జరిగినది. అప్పుడు తప్పు ఎవరిదన్న విచారణలో మన ఎండలు, మన వానలు ముద్దాయిలుగా నిలబడినవి.

మందం చేసే మేలు

మొదట సూత్రం తెలుసుకొందాము. ఒక మీటరు స్కేలును పడుకోబెట్టి రెండు చివరలు ఆనించి నడుమ నొక్కితే సులభంగా వంగుతుంది. దానినే అంచుమీద నిలబెట్టి నొక్కితే వంగదు. కర్ర అదే, బరువు అదే. మారినది వంపు దిశలోని మందం మాత్రమే. పలక గట్టిదనం దాని మందపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. మందం రెట్టింపయితే గట్టిదనం ఎనిమిది రెట్లవుతుంది.

పలకను వంచినప్పుడు పైముఖం నొక్కుడుకు, కిందిముఖం లాగుడుకు గురి అవుతాయి. నడిమి భాగానికి ఈ రెండూ స్వల్పమే. కనుక గట్టి పదార్థాన్ని రెండు ముఖాలవద్ద ఉంచి, నడుమ తేలిక పదార్థం ఉంచవచ్చును.

ఒక లెక్క చూద్దాము. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం గల ప్లైవుడ్ పలకను తీసుకొందాము. ఘనమీటరుకు 600 కిలోగ్రాముల సాంద్రత అనుకొంటే దాని బరువు 3.6 కిలోగ్రాములు. ఎదురెదురు అంచులు రెండింటిని ఆనించి, నడుమ 50 కిలోగ్రాముల బరువును అడ్డంగా ఉంచితే, సాధారణ ప్లైవుడ్‌కు లెక్క ప్రకారం 9 సెంటీమీటర్లకు పైగా కుంగుతుంది. ఇప్పుడు అదే ప్లైవుడ్‌ను 3 మిల్లీమీటర్ల పలకలు రెండుగా తీసుకొని, నడుమ 24 మిల్లీమీటర్ల నురుగు బెండు పెట్టుదాము. మొత్తం మందం 30 మిల్లీమీటర్లు. ఘనమీటరుకు 20 కిలోగ్రాముల సాంద్రత గల థర్మోకోల్ అయితే పెరిగిన బరువు, జిగురు కాక, అర కిలోగ్రాముకు లోపే. గట్టిదనం మాత్రం సుమారు 60 రెట్లు పెరుగుతుంది. కుంగుడు 1.6 మిల్లీమీటర్లకు దిగుతుంది. అంత మందం గల పూర్తి ప్లైవుడ్ పలక బరువు 18 కిలోగ్రాములు ఉండేది.

అయితే ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉన్నది. బెండు రెండు పలకలను ఒకదానిపై ఒకటి జారకుండా పట్టి ఉంచవలెను. ఒక లావుపాటి పుస్తకాన్ని వంచి చూడండి. పుటలు ఒకదానిపై ఒకటి జారి, అంచు ఏటవాలుగా మారుతుంది. పలకలోకూడ ఇట్లే జారుడు కలిగించే బలం ఉంటుంది. దీనిని విరూపణ బలం అంటారు. దానిని ఎదుర్కొనేది బెండు, జిగురు మాత్రమే. థర్మోకోల్ ఈ బలానికి కొంత లొంగుతుంది. అందువల్ల పై ఉదాహరణలో మరొక 1.4 మిల్లీమీటర్లు కుంగి, మొత్తం కుంగుడు 3 మిల్లీమీటర్లవుతుంది. అదే బెండు స్థానంలో ఘనమీటరుకు 80 కిలోగ్రాముల సాంద్రత గల పి.వి.సి. నురుగు పెడితే ఈ అదనపు కుంగుడు మిల్లీమీటరులో ఆరవ వంతుకు మించదు. బెండు ఖాళీని నింపే పదార్థం మాత్రమే కాదని, పలక బలంలో భాగస్వామి అని దీనివల్ల తెలుస్తుంది.

బెండుకు మరొక పనికూడ ఉన్నది. పలుచని రేకును అంచులనుండి నొక్కితే ముడుతపడుతుంది. 1840 తరువాతి సంవత్సరాలలో బ్రిటన్‌లోని వేల్సు ప్రాంతంలో బ్రిటానియా రైలు వంతెనకు నమూనాలు పరీక్షించిన విలియం ఫెయిర్‌బెర్న్ ఈ సంగతిని స్పష్టంగా చూశాడు. ఇనుప గొట్టపు నమూనాల పైరేకు నొక్కుడుకు ముడుతపడి ముందుగా చెడిపోయినది. అందుచేత 1850లో పూర్తయిన ఆ వంతెన పైభాగాన్ని ఒకే రేకుగా కాక, గదులు గదులుగా, రెండు రేకుల నడుమ నిలువు రేకులు ఉంచి కట్టారు. శాండ్‌విచ్ నిర్మాణపు చరిత్రను చాలామంది అక్కడినుండియే ప్రారంభిస్తారు. 1915లో జర్మనీలో హ్యూగో యుంకర్స్ తేనెపట్టువంటి నడిమి పొరకు పేటెంటు పొందాడు. కాని ఈ ఆలోచన పెద్ద ఎత్తున ఆచరణలోకి వచ్చినది చెక్క విమానాలతోనే.

బాల్సా చెక్క విమానం

దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ అడవులలో బాల్సా అనే చెట్టు ఉన్నది. వేగంగా పెరుగుతుంది. దాని చెక్క సాంద్రత ఘనమీటరుకు సుమారు 160 కిలోగ్రాములు. అనగా మన టేకులో నాల్గవ వంతు. చెక్కలోని కణాలు పెద్దవి, గోడలు పలుచనివి, ఎండిన తరువాత లోపల నిండుగా గాలి. జొన్నబెండు గుణమే చెట్టు రూపంలో ఉన్నదన్నమాట.

ఇంగ్లండులోని డిహావిలాండ్ సంస్థ 1937లో ఎగిరిన ఆల్బట్రాస్ అనే ప్రయాణికుల విమానపు దేహాన్ని ప్లైవుడ్, బాల్సా, ప్లైవుడ్ పొరలతో నిర్మించినది. 1940 నవంబరు 25న అదే పద్ధతిలో నిర్మించిన మస్కిటో యుద్ధవిమానం మొదటిసారి ఎగిరినది. యుద్ధకాలంలో అల్యూమినియానికి కరువు. వడ్రంగులు, కుర్చీలు చేసేవారు, పియానోలు చేసేవారు మాత్రం దేశంలో ఉన్నారు. వారి చేతి పనితనాన్ని ఈ విమానం వినియోగించుకొన్నది. రెండు ఇంజన్లతో గంటకు 600 కిలోమీటర్లకు మించిన వేగంతో పోయే ఈ చెక్క విమానాలు మొత్తం 7,781 తయారయినవి.

దాని దేహాన్ని కట్టిన తీరు మనవారికి సులభంగా అర్థమవుతుంది. వేరుశనగకాయను ఒలిస్తే రెండు చిప్పలు విడినట్లు, విమాన దేహాన్ని కుడి ఎడమ చిప్పలుగా వేర్వేరుగా చేసేవారు. అచ్చుమీద పలుచని బర్చి ప్లైవుడ్‌ను వంచి, దానిపై సుమారు ఒక సెంటీమీటరు మందపు బాల్సా పరచి, పైన మరొక ప్లైవుడ్ పొర అతికి, జిగురు ఆరేవరకు ఉక్కు పట్టీలతో బిగించేవారు. చిప్పలు విడిగా ఉన్నప్పుడే తీగలు, గొట్టాలు లోపల అమర్చి, తరువాత రెండింటిని కలిపి అతికేవారు. బరువు ఒకేచోట పడే స్థానాలలో బాల్సాను తీసివేసి, దాని బదులు గట్టి చెక్క దిమ్మెలు పొదిగేవారు. ఈ చివరి సంగతిని పాఠకులు గుర్తుంచుకోవలెను. ఇంటిలో తలుపు చేసుకొనేవారికికూడ అది అవసరమవుతుంది.

మొదట ఈ విమానాలకు వాడిన జిగురు కేసీన్. పాలను విరుగగొట్టగా వచ్చే మాంసకృత్తును ఎండబెట్టి, సున్నం మొదలైన క్షారాలతో నీటిలో కలిపి చేసేది. ఎండినప్పుడు ఇది మంచి బలం గలది. కాని పాలనుండి వచ్చినది కనుక తేమలో మెత్తబడుతుంది. బూజులకు, సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. తరువాత యూరియా, ఫార్మాల్డిహైడ్‌ల నుండి తయారైన కృత్రిమ జిగురులు వచ్చినవి. నార్మన్ డిబ్రూయిన్ అనే శాస్త్రజ్ఞుడు స్థాపించిన సంస్థ 1937లో ప్రవేశపెట్టిన ఏరోలైట్ ఇట్టిదే. బూజు దానిని తినలేదు. తేమనుకూడ అది చాలవరకు తట్టుకొన్నది.

1944లో మన దేశంలో జరిగినది

చెక్క విమానం మన ఎండలకు, వానలకు ఆగుతుందా అన్న సందేహం మొదటినుండియు ఉన్నది. అందుకే 1943లో కొన్ని మస్కిటోలను వాతావరణ పరీక్షలకై భారతదేశానికి పంపారు. కలకత్తావద్ద డమ్‌డమ్ నుండి అవి బర్మామీదికి ఎగిరి ఛాయాచిత్రాలు తీసినవి. 1944లో బెంగుళూరు శివార్లలోని యలహంక విమానస్థావరానికి పాత వెంజెన్స్ విమానాల దళాలు వచ్చి, మస్కిటోలు నడుపుటలో శిక్షణ పొందినవి. మదరాసుకు ఉత్తరాన, మన జిల్లా పొలిమేరలకు దూరం కాని చోళవరంలో 1945లో మస్కిటో దళాలు విడిసినవి. తరువాతి కాలంలో మోటారు పందేలకు పేరుపొందిన చోళవరం అదియే.

1944 చివరి నెలలలో ఈ విమానాలు కొన్ని గాలిలోనే రెక్కలు విరిగి కూలినవి. అందున్నవారు మరణించారు. పరీక్షించగా రెక్క పైభాగపు ప్లైవుడ్ తొడుగు లోపలి ప్రధాన దూలంనుండి ఊడి లేచిపోతున్నట్లు కనిపించినది. నవంబరులో విమానాలను నేలమీద నిలిపివేశారు. వెంటనే వచ్చిన అభిప్రాయం ఏమనగా, ఉష్ణదేశపు ఎండకు కేసీన్ జిగురు పగిలినది, వానకు నానినది అని.

తయారీదారుల తరఫున మేజర్ హెరెవర్డ్ డిహావిలాండ్ నాయకత్వాన ఒక బృందం భారతదేశానికి వచ్చినది. జిగురు చెడిపోలేదని, వానకాలంలో చెక్క చట్టం సంకోచించుటయే కారణమని డిసెంబరు ప్రారంభంలో ఆ బృందం తెలిపినది. అనగా నింద జిగురునుండి తప్పినా వాతావరణంమీదనే నిలిచినది. కాని తరువాత జరిగిన విచారణలు మరొక మాట చెప్పినవి. ఇంగ్లండులోని డెఫర్డ్‌లో ఆరు నమూనాల మస్కిటోలను విప్పి చూచినవారికి అవే లోపాలు కనిపించినవి. ఆ విమానాలు మన వానలను ఎన్నడూ చూడలేదు. మన చెదలు వాటిని తాకలేదు. అతుకుల పనితనమే సరిగా లేదని పరీక్షకులు నిర్ణయించారు. అయినప్పటికీ విమానంమీద నమ్మకం సడలరాదన్న ఉద్దేశంతో, ప్రమాదాలకు వాతావరణమే ప్రధాన కారణమన్న మొదటి నివేదికను అధికారులు పట్టుకొని ఉన్నారు. నివారణకై రెక్క పొడవునా తొడుగు అతుకుమీద ఒక ప్లైవుడ్ పట్టీని అతికి, నీరు లోపలికి చేరకుండా మూసివేశారు.

ఈ ఘట్టంలో మూడు సంగతులు గమనింపదగినవి. మొదటిది, చెడినది బాల్సా బెండు కాదు. ప్లైవుడ్ కాదు. రెండు భాగాలు కలిసే అతుకు. రెండవది, తేమ నిర్దోషి అని చెప్పుటకు వీలులేదు. బిగువుగా లేని అతుకులోనికి నీరు చేరుతుంది. చేరిన నీరు చెక్కను ఉబ్బించి, ఎండినప్పుడు ముడిచి, అతుకును మరింత తెరుస్తుంది. మూడవది విద్యార్థులకు ముఖ్యమైనది. వానలో తడిసిన విమానాన్ని మాత్రమే పరీక్షించి వాన కారణమని చెప్పరాదు. తడియని విమానాన్నికూడ పక్కన పెట్టి పరీక్షించవలెను. మన ప్రయోగశాలలో పోలికకై ఉంచే రెండవ పరీక్షనాళిక చేసే పని అదే.

చెట్టునుండి నురుగుకు

బాల్సా దూరదేశపు చెట్టు. ఒక దుంగ సాంద్రత మరొక దుంగకు ఉండదు. నీటిని పీల్చుకొంటుంది, కుళ్లుతుంది. ఈ లోపాలు లేని బెండును రసాయనశాస్త్రజ్ఞులు కృత్రిమంగా తయారుచేయ ప్రయత్నించారు. 1937లో జర్మనీలో ఆటో బేయర్, అతని సహచరులు పాలీయురెథేన్‌ను కనిపెట్టారు. 1940వ దశకంలో అమెరికాలో ఒత్తిపోసిన పాలీస్టైరీన్ నురుగు ప్రచారంలోకి వచ్చినది. 1950 ప్రాంతాలలో జర్మనీలో పాలీస్టైరీన్ పూసలను ఆవిరితో ఉబ్బించి దిమ్మెలుగా అతికే పద్ధతి ఏర్పడినది. మనం థర్మోకోల్ అనేది దీనినే. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీలోనే పి.వి.సి. నురుగు ప్రారంభదశ దాటినది. తరువాత అది పడవల నిర్మాణంలో స్థిరపడినది. రాయలసీమ కొండలమీద తిరుగుతున్న గాలిమరల రెక్కలలోకూడ సాధారణంగా గాజునార పొరల నడుమ బాల్సాగాని, ఇట్టి నురుగుగాని ఉంటుంది.

నురుగు అనగా గట్టిపడిన బుడగల సముదాయం. థర్మోకోల్‌లో నూటికి 98 పాళ్లు గాలియే. బుడగలు ఒకదానికొకటి మూసుకొని ఉంటే నీరు ప్రవేశించదు. తెరచుకొని ఉంటే స్పంజివలె పీలుస్తుంది. కావున పలకలకు మూసిన బుడగల నురుగే తగినది. పూసల థర్మోకోల్‌లో పూసల సందులగుండా నీరు మెల్లగా దిగవచ్చును. ఒత్తిపోసిన పాలీస్టైరీన్‌లో అట్టి సందులు ఉండవు.

మేము చేసిన పొరపాటు

కొన్ని సంవత్సరాల క్రితం, వేసవి సెలవులకు ముందు, మా విద్యార్థులు వైజ్ఞానిక ప్రదర్శనకై ఒక శాండ్‌విచ్ బల్లను తయారుచేశారు. రెండు పలుచని ప్లైవుడ్ ముక్కలు, నడుమ థర్మోకోల్. తోలు, రెక్సిన్ అతికే ఘాటైన వాసనగల జిగురును రెండువైపులా దట్టంగా పూసి, ఇటుకలు పేర్చి బరువు పెట్టారు. మరునాడు మేడమీద ఎండలో ఉన్న ఆ బల్లను తట్టి చూస్తే డోలువలె మోగినది. చేతితో నొక్కితే సొట్టపడినది. పలకను ఊడదీసి చూడగా లోపలి థర్మోకోల్ గుంటలు గుంటలుగా కరిగి, అక్కడక్కడ గట్టి చర్మంవలె మిగిలి ఉన్నది.

తిరుపతి ఎండకు థర్మోకోల్ కరిగినదని అందరమూ అనుకొన్నాము. నిజం చెప్పవలెనంటే నేనే ముందుగా అన్నాను. ఒక విద్యార్థిని మాత్రం ఒప్పుకొనలేదు. జిగురు పూయని థర్మోకోల్ ముక్కను అదే ఎండలో రెండు ప్లైవుడ్ ముక్కల నడుమ ఉంచినది. మరొక ముక్కమీద జిగురు చుక్కను వేసి నీడలో, గదిలో ఉంచినది. ఎండలోని ముక్క సాయంత్రానికి చెక్కుచెదరలేదు. నీడలోని ముక్కకు కొద్ది క్షణాలలోనే గుంట పడినది. జిగురులోని టోల్యూన్‌వంటి ద్రావణి పాలీస్టైరీన్‌ను కరిగించినదని తేలినది. ఎండ నిర్దోషి. 1944 నాటి విచారణను చదివినప్పుడెల్లా నాకు ఆ అమ్మాయి పెట్టిన రెండు ముక్కలు గుర్తుకు వస్తాయి.

మన ప్రాంతంలో ఏ బెండు

ఈ చరిత్రనుండి మన ఎండలకు, వానలకు తగిన ఎన్నిక ఎట్లు చేయవలెనో చెప్పవచ్చును.

థర్మోకోల్ చౌక. ఊరూర దొరుకుతుంది. నోటీసు బోర్డులు, తెరలు, బరువు పడని తలుపులు మొదలైనవాటికి చాలును. ఘనమీటరుకు 20 కిలోగ్రాముల కంటె తక్కువ సాంద్రత గల సరుకును తీసుకొనరాదు. అట్టి థర్మోకోల్ చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలోగ్రాము నొక్కుడుకే సొట్టపడనారంభిస్తుంది. సుమారు 75, 80 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటితే మెత్తబడుతుంది. మన వేసవిలో నల్లరంగు వేసిన పైకప్పు 65, 70 డిగ్రీలవరకు వేడెక్కవచ్చును కనుక, ఎండలో ఉండే పలకకు తెలుపురంగు వేయుట మేలు. ఒత్తిపోసిన పాలీస్టైరీన్ దీనికంటె గట్టిది, నీటిని దాదాపు పీల్చదు. వేడి విషయంలో, ద్రావణుల విషయంలో మాత్రం రెండింటి స్వభావం ఒకటే.

గట్టి పాలీయురెథేన్ నురుగు వేడిని బాగా ఆపుతుంది. శీతల గిడ్డంగుల గోడలలో, ఇంటిలోని రెఫ్రిజిరేటరు గోడలలో ఉండేది ఇదే. రెండు రేకుల నడుమ ద్రవంగా పోస్తే ఉబ్బి తనంతట తానే అతుక్కొంటుంది. జిగురులోని ద్రావణులకు చాలవరకు చెక్కుచెదరదు. కాని తక్కువ సాంద్రత గలది పెళుసు. అదురు ఎక్కువగా ఉండే బండి పలకలలో అతుకువద్ద పొడిగా రాలవచ్చును. పి.వి.సి. నురుగు విరూపణ బలానికి బాగా నిలుస్తుంది. నీటికి భయపడదు. ధర హెచ్చు. పడవలకు, మనుషులు నిలబడే నేలలకు ఆ ధర పెట్టుట న్యాయం.

ఇక జిగురు. పాలీస్టైరీన్‌కు ఘాటువాసన గల రబ్బరు జిగురును, గాజునారకు వాడే పాలియెస్టర్ రెసిన్‌ను తాకించరాదు. ఎపాక్సీ దానిని కరిగించదు. వడ్రంగులు వాడే తెల్లజిగురు కరిగించదు కాని, అందులోని నీరు పోయే దారి కావలెను. చెక్కలోనుండి నీరు కొంత పోతుంది, నురుగులోనుండి పోదు. అందుచేత వెడల్పయిన పలకల నడుమ ఆ జిగురు చాలా రోజులు పచ్చిగానే ఉంటుంది. ఏ జిగురయినా అంతటా సమంగా పూసి, ఆరేవరకు అంతటా సమంగా బరువు పెట్టవలెను. ఇటుకల నడుమ మిగిలిన ఖాళీయే రేపటి పగులు.

ప్లైవుడ్ రెండు వైపులా ఒకే మందం, ఒకే రకం ఉండవలెను. లేనిచో తేమ మారినప్పుడు పలక ఒకవైపుకు వంకరపోతుంది. తడి తగిలే పనికి భారతీయ ప్రమాణం 710 గుర్తుగల ప్లైవుడ్ తగినది. అంచులన్నిటిని గట్టి చెక్క పట్టీలతో మూసి రంగు వేయవలెను. 1944లో రెక్కమీద అతికిన పట్టీ పని ఇదే. బందులు, గడియలు, మరలు బిగించేచోట నురుగును తీసి గట్టి చెక్క దిమ్మె పొదగవలెను. మన ప్రాంతంలో చెదలను మరువరాదు. నురుగు వాటికి ఆహారం కాకపోయినా దానిని తొలుచుకొని పోయి చెక్కను తింటాయి. చివరగా, పాలీస్టైరీన్ నల్లని పొగతో త్వరగా మండుతుంది. పొయ్యి దగ్గర, దీపం దగ్గర, నిద్రించే గది పైకప్పులో దీనిని ఉపయోగించరాదు.

శ్రీహరికోట వరకు

2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలోనే శ్రీహరికోట ఉన్నది. 1971 అక్టోబరు 9న అక్కడినుండి మొదటి చిన్న రోహిణి రాకెట్టు ఎగిరినది. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినది. 2023 జూలై 14న చంద్రయాన్-3 అక్కడినుండియే బయలుదేరినది. ఉపగ్రహాల గోడ పలకలు, సౌరఫలకాల ఆధారపు పలకలు సాధారణంగా శాండ్‌విచ్ పలకలే. పైపొరలు పలుచని అల్యూమినియంగాని, కర్బన నారగాని, నడిమి బెండు తేనెపట్టు ఆకారపు అల్యూమినియం రేకు. ఒక్కొక్క గ్రాము బరువుకూ లెక్క ఉన్నచోట జొన్నదంటు సూత్రమే మరల ఉపయోగపడినది.

అక్కడ సమస్య తేమ కాదు, శూన్యం. తేనెపట్టు గదులలో చిక్కిన గాలి, రాకెట్టు పైకి పోయినకొద్దీ బయట పీడనం తగ్గగా, పలకలను లోపలినుండి నెడుతుంది. అందుచేత గదుల గోడలకు సన్నని రంధ్రాలు చేసి గాలి పోయే దారి ఉంచుతారు. పడవ పలకలో లోపలికి దారి మూయవలెను. ఉపగ్రహ పలకలో బయటికి దారి తెరవవలెను. పలక ఎక్కడ పనిచేయవలసి ఉన్నదో దానినిబట్టియే బెండును, అతుకును నిర్ణయించవలసి ఉంటుంది.

ఉన్నత పాఠశాలలో చేయదగిన పరీక్ష

దీనికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. దళసరి అట్టముక్కలు రెండింటిని ఒకదానిపై ఒకటి అతికి ఒక పట్టీ చేయండి. అట్టి ముక్కలే మరి రెండు తీసుకొని నడుమ ఒక అంగుళం థర్మోకోల్‌ను తెల్లజిగురుతో అతకండి. పట్టీలు సన్నగా ఉంటే నీరు అంచులనుండి, అట్టలనుండి పోగలదు. రెండు రోజులు ఆరనివ్వండి. మూడవ పట్టీలో థర్మోకోల్ ఉంచండి కాని జిగురు పూయక దారంతో మాత్రం కట్టండి. మూడింటిని రెండు ఇటుకలపై ఆనించి, నడుమ తూనికరాళ్లు ఒక్కొక్కటిగా పెడుతూ కుంగుడును స్కేలుతో కొలవండి. రెండవ పట్టీకి, మూడవ పట్టీకి పదార్థంలో భేదం లేదు. భేదం జిగురు మాత్రమే. ఆ భేదం ఎంతయో విద్యార్థులు తమ కొలతలతోనే పట్టికగా వ్రాయగలరు.

వీలయిన ఉపాధ్యాయులు థర్మోకోల్ బదులు ఎండిన జొన్నబెండును, భాషికాలకు వాడే జీలుగు బెండును, కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి చెక్కనుకూడ పరీక్షింపజేయవచ్చును. ఒక్కొక్కదాని సాంద్రతను ముందుగా కొలచి, తరువాత కుంగుడుతో పోల్చి చూడవలెను. ఒక పట్టీ విరిగితే దానిని పారవేయకుండా ఎక్కడ విరిగినదో చూడండి. పైఅట్ట ముడుతపడినదా, బెండు చీలినదా, అతుకు ఊడినదా అని వ్రాసుకొనండి. దానికి పక్కన, అట్లే చేసి విరగని పట్టీ ఒకటి తప్పక ఉంచండి. ఎండనుగాని, వాననుగాని, పదార్థాన్నిగాని తప్పుపట్టవలసి వస్తే ఆ రెండింటిని పోల్చిన తరువాతనే తప్పుపట్టవలెను.